పేరు చెప్పి మన్ను వేయండి

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు చెప్పినవాడు, ఈ భూమ్మీద నేను అందరికంటే ఎక్కువగా ద్వేషించే మనిషి. పొద్దున్నే మా తెలుగు క్రైస్తవ సహవాసం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "మన ప్రియ సహోదరి, శాంతమూర్తి, ప్రభువునందు నిద్రించారు. వారి సౌమ్యత మనందరికీ మాదిరి." ఈ అరబ్బు దీవిలో, మనామాలో నేను పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్కులో, రిసెప్షన్ బల్ల వెనక కూర్చుని చదివాను. ముందు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఆగకముందే ఒళ్ళు మండింది. శాంతమూర్తి అట! సౌమ్యత అట! ఆవిడ అంత సౌమ్యురాలేమీ కాదని నాకంటే ఆయనకే బాగా తెలుసు.

తర్వాత రెండు రోజులూ ఆవిడ ఇంటికి వచ్చిపోయినవాళ్ళంతా మంచి మాటలే చెప్పారు. కొన్ని నిజమే. జ్వరమొస్తే జావ కాచి పంపేది. అడిగినవాళ్ళకు లేదనకుండా గోంగూర పచ్చడి పెట్టేది. కానీ ఆవిడకు కోపం ఉండేది, దాంతోపాటు మంచి జ్ఞాపకశక్తి కూడా ఉండేది. ఆ రెండూ ఒకచోట చేరితే ఎదుటివాడి గతి ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. నేను చెప్పకపోతే ఆవిడకు తెల్లసున్నం కొట్టి పటం కట్టేస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

మా సహవాసంలో పిల్లలకు బైబిలు తరగతి చెప్పేది కాబట్టి అందరికీ టీచరమ్మ. రాజమండ్రి వైపు మనిషి. పెళ్ళికి ముందు ఒక బైబిలు పాఠశాలలో హీబ్రూ నేర్చుకుందట. భర్తకు ఇక్కడ ఉద్యోగం వస్తే ఆయన వెంట వచ్చింది. ఆయన్ని మేము బాబాయిగారు అంటాం. మనామా పాత బజారుకు దగ్గర్లో, రొట్టెల కొట్టు పైనున్న ఇంట్లో కాపురం. రొట్టెలు కాల్చే పెద్దాయన పేరు జకరియా. టీచరమ్మ రోజూ ఆయనతో హిందీలో దెబ్బలాట పెట్టుకునేది. "మీ పేరుకు అర్థం తెలుసా జకరియా భాయ్? దేవుడు గుర్తుపెట్టుకున్నాడని. దేవుడికి గుర్తుంది గానీ మీకు నా రొట్టె సంగతి గుర్తుండదు." ఆయన పడీపడీ నవ్వి, మర్నాడు మళ్ళీ మర్చిపోయేవాడు.

పేర్లంటే ఆవిడకు ప్రాణం. హీబ్రూ పేరు ఉత్త పేరు కాదని, ఒక పూర్తి వాక్యమని చెప్పేది. "చివర 'యా' ఉందనుకో, 'ఏలు' ఉందనుకో, అక్కడ దేవుడు కూర్చున్నాడని గుర్తు. నెతనేలు, దేవుడిచ్చాడు. హనన్యా, దేవుడు కరుణించాడు. ఒక తల్లి వీధిలోకొచ్చి 'ఒరే జెకర్యా, అన్నానికి రారా' అని కేకేసిందంటే, దేవుడు నన్ను మరిచిపోలేదర్రా అని ఊరందరికీ చాటినట్టే. అప్పటివాళ్ళకు ప్రార్థనకు వేరే టైము అక్కర్లేదే, పిల్లల్ని పిలుచుకుంటే చాలు."

సహవాసంలో ఎవరికి బిడ్డ పుట్టినా పేరు కోసం ఆవిడనే పిలిచేవాళ్ళు. ఆవిడ పద్ధతి ఆవిడది. వచ్చీ రాగానే మగవాళ్ళను బయటికి తోలేది. "మీరు కిందికెళ్ళి కరక్ చాయ్ తాగి రండి. మీ సలహాలు స్కూలు ఫారం నింపేటప్పుడు చెప్పుదురుగాని." తలుపు వేసి, బాలింత పక్కన కూర్చుని, "చెప్పవే, ఈ బిడ్డ కడుపులో ఉండగా నీకేం జరిగింది? ఒక్క వాక్యంలో చెప్పు" అనేది. ఆ వాక్యానికి సరిపోయే పేరు వెతికేది. "పేరు పుస్తకంలో ఉండదు, తల్లి నోట్లో ఉంటుంది. బైబిల్లో చూడు, పేర్లు పెట్టింది చాలావరకు తల్లులే. వంశావళి తండ్రులది, పేర్లు తల్లులవి" అనేది.

పేరు తేలాక వచ్చే శుక్రవారం ఆరాధనలో బిడ్డను ప్రతిష్ఠ చేసేవాళ్ళు. ఇక్కడ మాకు సెలవు శుక్రవారమే, గుడీ శుక్రవారమే. వేదిక మీద బిడ్డను పైకెత్తి, పేరూ దాని అర్థమూ బిగ్గరగా చెబుతారు, అందరూ ఆమేన్ అంటారు. ఆ తర్వాత ప్రతి ఏడూ పుట్టినరోజు వచ్చిన వారం మళ్ళీ అదే తంతు. మొదట్లో టీచరమ్మే వేదికెక్కి చెప్పేదట. ఆడవాళ్ళు వేదిక మీదెందుకు, ప్రకటించడం పెద్దల పని అంటూ మా సంఘపెద్ద ఆ పని తన చేతుల్లోకి లాక్కున్నాడు. ఇదంతా నేను రాకముందు సంగతి. ఆయన జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదేనని తర్వాత తెలిసింది.

ఇక ఆ సంఘపెద్ద గురించి చెప్పాలి. వాట్సాప్‌లో కబురు పెట్టినవాడు ఆయనే. రాసేటప్పుడు ఆయన అంటున్నాను, ఇంట్లో అలా అనను. సల్మాబాద్‌లో మా ఆయన ఫోర్‌మన్‌గా పనిచేసిన వర్క్‌షాపుకు ఆయనే మేనేజరు. ఇనప ట్యాంకులూ మెట్లూ తయారు చేసి, సైటుకు తీసుకెళ్ళి బిగించే పని వాళ్ళది. పాప నా కడుపులో ఉండగా, నువైద్రాత్ దగ్గర ఒక ట్యాంకు మీద నుంచి మా ఆయన పడిపోయాడు. నడుముకు బెల్టు ఉంది, బెల్టుకు తాడు ఉంది. అయినా పడిపోయాడు. ఎలాగని అడిగే ఓపిక అప్పుడు నాకు లేదు. ప్రమాదం అని రాసుకుని మూసేశారు.

ఆ తర్వాతి శుక్రవారం సంఘపెద్ద వేదిక మీద కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. "తండ్రీ, మా మధ్య నుంచి వెళ్ళిపోయిన తమ్ముడి బలహీనతను క్షమించు. మత్తులో పని ఎక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. మా యువకులను ఆ వ్యసనం నుంచి తప్పించు తండ్రీ." అందరూ ఆమేన్ అన్నారు. అలవాటు కొద్దీ నా నోరు కూడా తెరుచుకుంది, మాట సగంలో ఆగిపోయింది. మామూలుగా అబద్ధం చెబితే లేచి కాదనొచ్చు. ప్రార్థనలో చెప్పిన అబద్ధాన్ని ఎలా కాదంటాం? మధ్యలో లేస్తే దేవుడికి అడ్డం వచ్చినట్టు చూస్తారు. ఆ కిటుకు ఆయనకు బాగా తెలుసు.

మా ఆయన పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. డ్యూటీకి బయల్దేరేముందు ఒక యాలక్కాయ నోట్లో వేసుకునేవాడు, అదొక్కటే ఆయనకున్న వ్యసనం. అలాంటి మనిషిని ఒక్క ప్రార్థనతో తాగుబోతును చేసేశాడు. వారం తిరిగేసరికి సల్మాబాద్‌లో పనివాళ్ళ క్యాంపులో, మా ఫ్లాట్ల మెట్ల మీద, కూరగాయల కొట్టు దగ్గర అదే మాట. గుంటూరు నుంచి మా అమ్మ ఫోను చేసి వచ్చెయ్యమని ఏడ్చింది. నేను పోలేదు. నా ఉద్యోగం నాకుంది, నా వీసా నాది. నేను వెళ్ళిపోతే ఈ ఊళ్ళో మా ఆయన తాగుబోతుగానే మిగిలిపోతాడు. ఆ అబద్ధం ఎక్కడ చెప్పారో అక్కడే, ఆ మనుషుల ముందే విరిగేదాకా ఈ దీవి వదలనని ఒట్టు పెట్టుకున్నాను.

పాప పుట్టింది. టీచరమ్మ వచ్చింది. బయటికి తోలడానికి మా ఇంట్లో మగదిక్కు లేదు. అయినా తలుపు మాత్రం వేసింది.

"చెప్పవే. ఒక్క వాక్యం."

"వాడు సర్వనాశనమైపోవాలి."

ఆవిడ ఉలిక్కిపడలేదు. తప్పమ్మా అనలేదు, క్షమించమనీ అనలేదు. అప్పటికి ఎంతమంది వచ్చి క్షమాపణ మీద ప్రసంగాలు చేసి వెళ్ళారో! ఆవిడ అల్లం టీ ఊదుకుంటూ "ఊఁ, ఇంకా?" అంది.

"పగ అని అర్థం వచ్చే పేరు కావాలండీ. దీన్ని పిలిచినప్పుడల్లా వాడి గుండెలో గునపం దిగాలి."

"అలాంటివి ఉన్నాయే, లేకేం," అంది తాపీగా. "నఫ్తాలి ఉన్నాడు. రాహేలు తన దాసి కన్న పిల్లాడికి పెట్టింది. అక్కతో పోట్లాడి గెలిచానని ఆ పేరుకు అర్థం. అక్కాచెల్లెళ్ళ గొడవ ఎప్పుడో చల్లారింది. వాడు మాత్రం గడ్డం నెరిసేదాకా ఆ గొడవ మోసుకుంటూ తిరిగాడు, పాపం. ఆ రాహేలే ఇంకో బిడ్డను కని చచ్చిపోతూ బెనోని అంది, నా దుఃఖపు కొడుకని. వాళ్ళ నాన్న వెంటనే మార్చి బెన్యామీను అన్నాడు. తల్లి పెట్టిన పేరు మార్చడం నాకు గిట్టదు గానీ, ఆ ఒక్కసారి మాత్రం మగాడు మంచిపని చేశాడు. నీ పగ నీది. దాన్ని పిల్ల మెడలో కట్టకు."

"మరెవరి మెడలో కట్టమంటారు?"

"యిర్మీయా ప్రవక్త ఏం చేశాడు? పషూరని ఒక యాజకుడు, గుడికి పెద్ద. మన పెద్దలాంటివాడే అనుకో. యిర్మీయాను కొట్టించి కాళ్ళకు బొండకొయ్య వేయించాడు. మర్నాడు విడిపించగానే యిర్మీయా వాడి మొహం మీదే చెప్పాడు, ఇక నీ పేరు పషూరు కాదురా, నలుదిక్కులా భయం, అదే నీ పేరు అని. చూశావా? పగ పేరు పగవాడికే పెట్టాలి."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే వీడికేం పెడదామండీ?"

టీచరమ్మ నవ్వింది. అది శాంతమూర్తి నవ్వు కాదు. "మనం పెట్టక్కర్లేదే. వాళ్ళమ్మ ఎప్పుడో పెట్టేసింది. అర్థం తలుచుకోకుండా మోస్తున్నాడు వెధవ. ఏదో ఒకరోజు వాడి నోటితో వాడే చెప్తాడు, చూస్తూ ఉండు."

ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. ఆయన్ని అందరూ పెద్దన్నగారు అనేవాళ్ళే తప్ప, అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఆ పేరేమిటో చివర్లో ఆయనే చెబుతాడు.

"వాడి సంగతి అయింది. ఇప్పుడు పిల్ల సంగతి చెప్పు," అంది. పాపను పొత్తిళ్ళలో సర్ది పడుకోబెట్టాను. చివరికి చెప్పాను. "ఆ రోజు పొద్దున నేనే ఆయనకు డబ్బా కట్టిచ్చాను. వంగి, నా పొట్ట మీద చెవి పెట్టి, సాయంత్రం వస్తానని దీంతో చెప్పి వెళ్ళాడు. ఆయన దగ్గర యాలక్కాయ వాసన తప్ప ఇంకే వాసనా లేదండీ. ఎవరు నమ్మినా నమ్మకపోయినా దేవుడే సాక్షి."

ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. "అదే. అదే దీని పేరు." నెహెమ్యా గ్రంథంలో యెరూషలేములో కాపురమున్నవాళ్ళ వంశాలు చెబుతూ, ఒక్కచోట యోవేదు అని ఒకడి పేరు వస్తుందట. యోవేదు అంటే దేవుడే సాక్షి. ఇంకేమీ రాయలేదట అతని గురించి. మగపేరు కదండీ అన్నాను. "సాక్షికి ఆడేంటే, మగేంటే? ఒకప్పుడు ఆడదాని సాక్ష్యం చెల్లదనేవాళ్ళు. అందుకే ఆడపిల్లకు పెడుతున్నా." అలా నా కూతురు యోవేద అయింది.

ప్రతిష్ఠ రోజు టీచరమ్మ ముందు వరసలో కూర్చుంది. పేరు రాసిన చీటీ ఆఖరి నిమిషంలో సంఘపెద్ద చేతికిచ్చింది. ఆయన నా బిడ్డను పైకెత్తాడు. "యోవేద," అన్నాడు గంభీరంగా. తర్వాత చీటీ చూశాడు. మైకులో ఆయన ఊపిరి చప్పుడు వినపడింది. "అర్థం... దేవుడే సాక్షి," అని గొణిగాడు.

"వెనకాలవాళ్ళకు వినపడలేదండీ," అంది టీచరమ్మ, చాలా మర్యాదగా. "ఇంకోసారి చెప్పండి."

చెప్పాడు, చెప్పక చస్తాడా? వేదిక మీద మాట్లాడే హక్కు నాదేనని పట్టుబట్టి తెచ్చుకున్నాడు కదా. ఆ రోజు నా ఆమేన్ అందరికంటే పైన వినపడింది. భోజనాల దగ్గర టీచరమ్మ నా ఆకులో ఇంకో బూరె వేసి, "తిను, బాలింతవు" అంది.

అప్పటినుంచి ప్రతి ఏడూ పాప పుట్టినరోజు వారం నేను కొత్త చీర కట్టుకుని వెళ్ళేదాన్ని. ప్రతి ఏడూ ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఆ పిల్ల తండ్రిని ఎక్కడ తాగుబోతన్నాడో అక్కడే నిలబడి, దేవుడే సాక్షి అనాలి. నాకది పండగ. మిగతా రోజుల్లో కూడా ఏదో ఒకటి చెయ్యాలని నేను ఉడికిపోతుంటే టీచరమ్మ కోప్పడేది. "పగ ఏడాదికోసారి తీర్చుకో, చాలు. రోజూ తీర్చుకోబోతే కూర మాడిపోతుంది."

నాలుగో ఏడు రాకుండానే ఆయన దారి వెతుక్కున్నాడు. పేర్ల వేడుక పాత నిబంధన ఆచారమనీ, మనకిక అవసరం లేదనీ, ఎవరి పిల్లల పేర్లు వాళ్ళు ఫోన్లో చూసుకోవచ్చనీ కమిటీ చేత అనిపించాడు. పనిలో పనిగా "టీచరమ్మగారి ఆరోగ్యం దృష్ట్యా" పిల్లల తరగతి కూడా తీసేశాడు. అప్పటికి ఆవిడ ఆరోగ్యం నిక్షేపంగా ఉంది. అన్నేళ్ళ తరగతిని వాట్సాప్‌లో ఒక్క మెసేజీతో ఊడపీకాడు. నేను ఏడుస్తూ పరిగెత్తుకెళితే ఆవిడ తీరిగ్గా చేపలు కడుగుతోంది. "ఏడుస్తావేంటే? వాడు భయపడ్డాడు. పేరు పనిచేస్తోందన్నమాట." ఇంకో చేప తోముతూ అంది: "దేవుడు వ్యాజ్యెం ఆడుతుంటే మనం మధ్యలో అరవకూడదు. అలాగని కోర్టులోంచి లేచి ఇంటికీ పోకూడదు." ఆ రోజు చేపల పులుసులో మాత్రం ఉప్పు రెండుసార్లు వేసింది. తరగతి పోయిన బాధ నాకు అక్కడ తెలిసింది.

ఆ తర్వాత ఒక తమాషా జరిగింది. సంఘపెద్ద కూతురికి ఆడపిల్ల పుట్టింది. తాతగారు ఫోన్లో వెతికి, స్టయిలుగా ఉందని మారా అని పెట్టించాడు. అందరికీ వద్దన్న వేడుకను తన ఇంటికి మాత్రం జరిపించుకుని, వేదిక మీద మనవరాలిని ఎత్తి, సముద్రమని అర్థమన్నాడు. ఆడవాళ్ళ వరసలో మేము ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. భర్తా, ఇద్దరు కొడుకులూ పోయి ఊరికి తిరిగొచ్చిన నయోమి, "నన్ను నయోమి అనకండి, మారా అనండి, దేవుడు నా బతుకు చేదు చేశాడు" అని ఏడ్చిందని మాకందరికీ టీచరమ్మే చెప్పింది. మారా అంటే చేదు. నేను సంతోషం పట్టలేక ఆవిడ చెవిలో ఏదో అనబోయాను. చేతి మీద ఫట్‌మని కొట్టింది. "పిల్లేం చేసిందే నిన్ను?"

మర్నాడు ఆవిడే ఆ కూతురి ఇంటికి వెళ్ళింది, నన్నూ వెంటబెట్టుకుని. తలుపు వేసి, పక్కన కూర్చుని చెప్పింది. "కంగారు పడకు తల్లీ. నయోమి ఆ పేరు తనకు తనే పెట్టుకుంది గానీ, ఊళ్ళో ఒక్కరూ ఆమెను అలా పిలవలేదు. గ్రంథం ఆఖరిదాకా చూడు, అందరూ నయోమి అనే అన్నారు. కాగితాల మీద ఏమున్నా నువ్వు నయోమి అని పిలుచుకో. మధురం అని అర్థం." ఆ అమ్మాయి ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఆ పని నచ్చలేదు. మెట్లు దిగుతూ ఆ మాటే అన్నాను. "నీకు పగ తీర్చుకోవడం ఇంకా రాలేదే," అంది.

తరగతి పోయినా పేర్లకోసం జనం ఆవిడ ఇంటికే వచ్చేవాళ్ళు. ఒకసారి సల్మాబాద్ క్యాంపు నుంచి ఒకతను వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, మా ఆయన కింద హెల్పరుగా చేసినవాడు. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. "అమ్మా, మాది మీ మతం కాదు. గని మీరు పేర్లు మంచిగ పెడ్తరని అన్నరు. ఊర్ల మాకు కొడుకు పుట్టిండు," అన్నాడు. టీచరమ్మ ఫోను కలపమంది. అటునుంచి అతని భార్య చెప్పింది. "కడుపుల పిల్లలు నిలువకపోతుండె అమ్మా. ఎందరికి మొక్కిన్నో. ఇప్పుడు దేవుడు ఇన్నడు."

"బైబిల్లో లేయా అన్నమాటే అంటున్నావమ్మా," అంది టీచరమ్మ. "ఆమె షిమ్యోను అని పెట్టుకుంది. ఇక్కడివాళ్ళు ఇస్మాయిల్ అంటారే, అదీ దేవుడు వింటాడనే. మీ దేవుడికీ చెవులున్నాయి కదా. మీ భాషలో శ్రవణ్ అని పెట్టుకోండి." అతను దణ్ణం పెట్టి లేచాడు. వెళ్ళేటప్పుడు నన్ను చూసి ఏదో చెప్పబోయి, తల దించుకుని వెళ్ళిపోయాడు. అతను మెట్లు దిగిపోయాక కూడా టీచరమ్మ ఆ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. ఆవిడకు ఏం తట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ ఏడు ఆవిడ గుండె నిజంగానే మొరాయించింది. ఆస్పత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు యోవేద చెయ్యి పట్టుకుని, "నీ పేరేంటే?" అని అడిగింది. పాప పేరూ అర్థమూ చెప్పింది. "అదీ. గట్టిగా చెప్పాలి, ఎప్పుడూ." బాబాయిగారితో తన కోరిక కూడా అప్పుడే చెప్పింది. "నా మీద ప్రసంగాలు వద్దండి. మన్ను వేసేవాళ్ళు మాత్రం పేరు చెప్పి, అర్థం చెప్పి వేయండి. ఎవరైనా సరే."

సమాధి దగ్గర బాబాయిగారు ఆ మాటే అందరికీ చెప్పారు. ప్రసంగం కోసం గొంతు సవరించుకుంటున్న సంఘపెద్ద ఆగిపోయాడు. ఆఖరి ప్రార్థన తనది కాబట్టి చివర్లో మన్ను వేస్తానని పక్కకు జరిగాడు. బాబాయిగారు తన పేరు చెప్పి, "దీనికి అర్థం ఆవిడే చెప్పేది, నాకు గుర్తులేదు," అని ఏడుస్తూ మన్ను వేశారు. తర్వాత పిల్లలు. నెతనేలు, దేవుడిచ్చాడు. హనన్యా, దేవుడు కరుణించాడు. ఇప్పుడు మీసాలొచ్చి ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు కూడా చిన్నప్పటిలా చేతులు కట్టుకుని చెప్పి వేశారు. సంఘపెద్ద కూతురు తన పాపను చంకనేసుకొచ్చి, తండ్రి వైపు చూడకుండా, "నయోమి. మధురం," అని పిల్ల చేత మన్ను వేయించింది. ఆయన మొహం ఎర్రబడింది. ఈసారి నేను నవ్వలేదు.

నా కూతురు ముందుకెళ్ళింది. "యోవేద. దేవుడే సాక్షి." గట్టిగానే చెప్పింది.

ఆ వెనకే జగిత్యాలతను వచ్చాడు. కంపెనీ పని బట్టలతోనే ఉన్నాడు. "మా కొడుకు పేరు శ్రవణ్. దేవుడు ఇన్నడని," అని మన్ను వేశాడు. వేసి వెనక్కి పోలేదు. "ఇంకో ముచ్చట చెప్త, ఇనుండ్రి. నా వీసా ఖలాస్ అయింది, నేను ఊరికి పోతున్న, ఇగ నన్ను ఎవ్వలేం జెయ్యరు. ఈ పాప నాయిన నాకు ఫోర్‌మన్. అన్న తాగలే. అన్న ఎన్నడు తాగలే. ఆ దినం పొద్దుగాల్నే తాడు సూసి, ఇది పురాగ పాడైంది, కొత్తది ఇయ్యిండ్రి అని మేనేజరు సారును అడిగిండు. సారు యల్లా యల్లా, జల్ది, ఇయ్యాల దీంతోనే కానియ్యి అన్నడు. తాడు తెగింది. నేను పక్కపొంటనే ఉన్న. భయపడి ఇన్నేండ్లు నోరు మూసుకున్న. ఈ అమ్మ నా కొడుక్కు పేరు పెట్టింది, ఆమె ముంగట అబద్ధమాడ." నా దగ్గరికొచ్చి, "అక్కా, మాఫ్ చెయ్యి," అని చేతులు జోడించాడు. నేను అతని చేతులు పట్టుకున్నాను.

ఎవరూ ఆమేన్ అనలేదు. అందరూ సంఘపెద్ద వైపు తిరిగారు. అది ప్రార్థన కాదు, కళ్ళు మూసుకుని తప్పించుకోవడానికి. అప్పటికే ఆయన వంగి గుప్పిటినిండా మన్ను తీసుకుని ఉన్నాడు. వేయాలంటే పేరు చెప్పాలి. వేయకుండా వెళితే ఎందుకు వేయలేదో చెప్పాలి. నలుదిక్కులా చూశాడు. అన్ని వైపులా టీచరమ్మ పేర్లు పెట్టిన పిల్లలూ వాళ్ళ తల్లులూ.

"నా పేరు దానియేలు," అన్నాడు.

అక్కడ ఆగిపోయాడు. అర్థం తెలియక కాదు, ఆ క్షణాన బాగా తెలిసే ఆగిపోయాడు. అప్పటిదాకా మన్ను వేసిన ప్రతి పిల్లా ఆ రెండో మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది. మా యోవేద ఆయన మర్చిపోయాడనుకుంది. టీచరమ్మ దగ్గర నేర్చుకున్న పిల్ల కదా, అందించడం అలవాటు.

"దేవుడే నాకు తీర్పరి అని, అంకుల్," అంది.

ఆఖరి ప్రార్థన బాబాయిగారు చేశారు. రెండే మాటలు. నేను దాచను, నాకు ఆ రోజు కడుపు నిండింది. సంఘపెద్దను క్షమించలేదు. క్షమించమని టీచరమ్మ ఏనాడూ నన్ను అడగలేదు, అందుకు నేను చచ్చేదాకా ఆవిడకు రుణపడి ఉంటాను. మా ఆయన పేరు మళ్ళీ ఆయనదైంది. ఇక గుంటూరు వెళ్ళాలో ఇక్కడే ఉండాలో, ఈసారి నా ఇష్టం.

పాప చెయ్యి పట్టుకుని బయటికొస్తూ వెనక్కి చూశాను. అందరి కార్లూ ఒక్కొక్కటే కదిలిపోతున్నాయి. సంఘపెద్ద తన కారు పక్కన ఎండలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. తాళాలు కుడి జేబులో ఉన్నట్టున్నాయి. కుడి గుప్పిట ఇంకా మూసే ఉంది, వేళ్ళ సందుల్లోంచి మన్ను కొంచెం కొంచెంగా ఆయన బూటు మీద రాలుతోంది. కారు తలుపు తీయాలంటే ఆ చెయ్యి తెరవాలి. మేము వీధి మలుపు తిరిగేదాకా ఆయన తెరవలేదు.